తాడు గాడి మీద వాచీ

చిట్టిబాబు శవాన్ని ఓడలరేవు ఏటిగట్టున చాప మీద పడుకోబెట్టారు. ఎడమచేతికి లావుపాటి రబ్బరు వాచీ ఉంది. దానికి పక్కన ఎర్ర బటన్. కాస్త అవతల గట్టు మీద అతని చద్దిసంచి మూతి విప్పి పడి ఉంది.

2006 అక్టోబరు. ఉదయం ఏడున్నర. ఎస్.ఐ. విజయదుర్గ జీపు దిగేసరికి ఏడుపుల కంటే తిట్లే ఎక్కువ వినిపిస్తున్నాయి.

"పెట్టె పక్కనెట్టుకుని మొద్దునిద్ర పోయింది. నా కొడుకుని మింగేసింది," అంటోంది చిట్టిబాబు తల్లి అప్పాయమ్మ. చంకలో ఏడాది మనవరాలు ఉంది.

ఆ తిట్లన్నీ కోడలు సత్యవతికి. ఆమె గట్టు పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలో కూర్చుని, ఒళ్లో చిన్న ప్లాస్టిక్ పెట్టె పట్టుకుని నేలచూపులు చూస్తోంది.

ఆ పెట్టె సంగతి కానిస్టేబుల్ చెప్పాడు. అమలాపురంలో నాగేంద్రబాబు, రాజేంద్రప్రసాద్ అని ఇద్దరు భాగస్వాములు. జాలర్ల కోసం వాచీ తయారుచేస్తున్నారు. నీళ్లలో ఆపదొస్తే వాచీ సిగ్నల్ పంపుతుంది, ఇంట్లో పెట్టె మోగుతుంది. ఆలోచన బంగారం లాంటిదే. చేసేవాళ్లిద్దరే ఉప్పూ నిప్పూ. నాగేంద్రబాబు రబ్బరు, బటన్ అన్నాడు. రాజేంద్రప్రసాద్ స్టీలు అన్నాడు, బటన్ నామోషీ, అద్దం మీద వేలు ఆనిస్తే చాలన్నాడు. తెగక రెండూ చేశారు, రెండిటికీ పెట్టె మాత్రం ఒకటే. ట్రయల్‌కి రెండూ చిట్టిబాబుకిచ్చారు. ఎల్లుండి విశాఖ నుంచి కొనేవాళ్లు వస్తున్నారు.

"ముందు చూసిందెవరు?" అడిగింది విజయదుర్గ.

"నేనేనండీ," అన్నాడు రాజేంద్రప్రసాద్. ఇస్త్రీ చొక్కా మోచేతులదాకా తడిసి ఉంది. "ట్రయల్ చూద్దామని తెల్లారేసరికి వచ్చేనండి. వల నీళ్లలో గుంజకి తగులుకుంది. మనిషి బోర్లా ఉన్నాడు. తాడు కోసి ఒడ్డుకి లాగేను. అప్పటికే ప్రాణం లేదండి."

"అప్పుడింకెవరున్నారు?"

"ఎవరూ లేరండి. నేను కేకలేసేకే అందరూ వచ్చేరు. నా స్టీలు వాచీ నిన్ననే తిరిగిచ్చేసేడండి."

ఆ ముక్క ఆమె అడగలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే రకం అనుకుంది.

నాగేంద్రబాబు ముందుకొచ్చాడు. "నా వాచీ పనిచెయ్యలేదని ఎవడైనా అంటే ఊరుకోనండి. చూడండి." ఆపేలోపే వంగి శవం చేతి మీది బటన్ నొక్కాడు.

సత్యవతి ఒళ్లో పెట్టె గూబలదిరేలా మోగింది.

నాగేంద్రబాబు గెలిచినట్టు చుట్టూ చూశాడు. ఆ గెలుపు ఎవరి మెడకి చుట్టుకుందో అతనికి పట్టలేదు.

"విన్నారా అండీ?" అంది అప్పాయమ్మ. "చచ్చినోడు లేచే మోత. ఇది మాత్రం లేవలేదు. పోవే, పిల్లని మాత్రం ఇవ్వను. మళ్లీ ఈ గడప తొక్కేవంటే కాళ్లిరగ్గొడతాను."

"మోగలేదండీ," అంది సత్యవతి. "నేను లేచే ఉన్నాను. బియ్యం కడుగుతున్నాను."

ఆ మాట ఎవరూ నమ్మలేదు. అసలు తనకే నమ్మకం సడలుతున్నట్టుంది ఆమె గొంతు. విజయదుర్గకి ఒళ్లు మండింది.

శవం దగ్గర కూర్చుని వాచీ విప్పించింది. పట్టీ కింద, మణికట్టు చుట్టూ, తాడు కోసుకుపోయిన గాడి. కుడిచెయ్యి తిప్పి చూసింది. మణికట్టు మీద నలుచదరంగా నల్లటి మరక. అంచున పొక్కులు.

"సత్యవతీ, మీ ఆయన వాచీ ఏ చేతికి పెట్టుకునేవాడు?"

"కుడిచేతికండి. ఎడమచేతికి విసురువల తాడు ఉంటుంది కదండీ."

విజయదుర్గ పుట్టింది కపిలేశ్వరపురం లంకలో. వల విసిరేవాడు తాడు చివరి ఉచ్చు ఎడమ మణికట్టుకే బిగించుకుంటాడని ఆమెకి తెలుసు. ఈ ఇద్దరు పెద్దమనుషులూ వినాలనే అడిగింది.

"రాజేంద్రప్రసాద్ గారూ, తాడు కోసింది మీరేగా?"

"ఆయ్."

"గాడి వాచీ కింద ఉంది. చేతికి వాచీ ఉంటే దాని కిందకి తాడెలా వెళ్లింది? తాడు తీసేశాకే ఎవరో వాచీ పెట్టారు. అప్పుడక్కడ ఉన్నది మీరొక్కరే."

అతను తడిచేతులు వెనక్కి దాచుకున్నాడు.

"స్టీలు వాచీ కుడిచేతికి ఉంది, ఆ నలుచదరపు మరక దానిదే. అది విప్పేశారు. గట్టు మీద చద్దిసంచిలోని రబ్బరుది తీసి తగిలించారు. మీ అలవాటు కొద్దీ ఎడమచేతికి. వాచీ చేసేముందు వల విసిరేవాణ్ణి ఒక్కసారి చూసి ఉంటే, దొరికేవారు కాదు."

ఆమె సైగ చెయ్యగానే రాజేంద్రప్రసాద్ స్కూటర్ డిక్కీని కానిస్టేబుల్ తెరిచాడు. తడి రుమాల్లో చుట్టి ఉంది స్టీలు వాచీ.

విజయదుర్గ దాన్ని సముద్రపు పోటుకి ఉప్పెక్కిన ఏటినీళ్ల చెంబులో ముంచి తీసింది. తడివేలు అద్దానికి ఆనించింది. పెట్టె పలకలేదు. మళ్లీ ఆనించింది. పలకలేదు.

వాచీనీ వేలినీ పొడిగా తుడిచి ఆనించింది. పెట్టె మోగింది.

"ఉప్పునీటికి అంతేనండి," అన్నాడు రాజేంద్రప్రసాద్ సన్నగా. "తుడుచుకుని తాకమని చెప్పేను. చెప్పేనండీ. కొనేవాళ్లొచ్చే ముందు ఇలా అయిందని తెలిస్తే నా వాచీ ఎవరు కొంటారని..."

సత్యవతి మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"పీకలోతు నీళ్లలో ఆయనకి పొడిగుడ్డ ఎక్కడిదండీ?"

నాగేంద్రబాబు ఏటివైపు తిరిగిపోయాడు. కానిస్టేబుల్ వచ్చి రాజేంద్రప్రసాద్ చెయ్యి పట్టుకుని జీపెక్కించాడు.

అప్పాయమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి, కోడలి ఒళ్లోంచి పెట్టె తీసి పక్కన పెట్టి, పిల్లని ఆ ఒళ్లో కూర్చోబెట్టింది.