గోడకి అంటించిన కవరు

మేము ఊళ్లో లేనప్పుడు పైవాటా వాళ్ల పైపు పగిలి, నీళ్లన్నీ మా పాప గదిలోకి దిగాయి. తిరిగొచ్చేసరికి పరుపంతా ముక్కిపోయిన వాసన. మంచం పక్క గోడంతా నల్లబూజు.

పాపకి అసలే ఉబ్బసం. ఆ గాలి పీలిస్తే ఆస్పత్రే గతి. అందుకే దాన్ని మా అక్క ఇంట్లో దింపి, నేను చాకిరీలోకి దిగాను. పరుపు పారేశాను. కిటికీలు బార్లా తెరిచి ఫ్యాన్లు పెట్టాను. మూతికి గుడ్డ కట్టుకుని బూజు తుడిచాను. మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచాను. నడుం పడిపోయింది గానీ గోడ మాత్రం ఆరలేదు.

"పైన రంగు కొట్టేద్దాం. కనబడదుగా," అన్నారు మా ఆయన. మసిపూసి మారేడుకాయ చేయడంలో ఆయన దిట్ట. పాపకిష్టమని చిలకపచ్చ రంగు డబ్బా కూడా తెచ్చిపెట్టారు.

గోడ చూడ్డానికొచ్చిన మేస్త్రి వద్దన్నాడు. "గోడకి ప్లాస్టిక్ కవరు పరిచి, అంచులు టేపుతో మూసెయ్యండమ్మా. రేపటికి కవరు లోపలివైపు చెమ్మ పట్టిందంటే గోడలో ఇంకా నీళ్లున్నట్టే. ఆరేదాకా రంగు జోలికి పోకండి."

సరేనని అంటించాను.

మర్నాడు మధ్యాహ్నం ముసురు పట్టి గదంతా మసకగా ఉంది. కవరు చూద్దామని వెళ్లాను. అంతా పొడిగానే ఉంది, ఒక్కచోట తప్ప. పాప మంచం మీద కూర్చుంటే మొహం వచ్చే ఎత్తులో, అరచేతంత ఆవిరి.

చూస్తుండగానే పోయింది.

మళ్లీ పట్టింది... పోయింది... పట్టింది.

ఫ్యాన్ ఆపాను. కవరుని గోడ లోపలికి పీల్చుకుంటోంది. సన్నగా పిల్లికూతలు... ఆ కూతలు నాకు తెలుసు. పాప ఛాతీ మీద చెవి పెట్టి ఎన్నిసార్లు విన్నానో.

ఫోన్ మోగింది. అక్క.

"పాపకి ఊపిరాడట్లేదే... మందు పీల్పించినా తగ్గట్లేదు. మొహానికి ఏదో కప్పారంటోంది..."

కవరు పట్టుకుని లాగేశాను. టేపుతో పాటు సున్నం పెచ్చులు ఊడాయి. ఫోన్లో పాప గట్టిగా గాలి పీల్చుకోవడం వినిపించింది.

"హమ్మయ్య, తేరుకుంది," అంది అక్క. "నువ్వు కావాలని ఏడుస్తోంది. వచ్చి తీసుకుపో."

ఎవరికి చెప్పను? చెబితే ఆయన నవ్వుతారు. పాపని ఆ గదిలోకి రానివ్వకుండా హాల్లో నా పక్కనే పడుకోబెట్టుకుంటే చాలనుకున్నాను. బయల్దేరుతూ ఆయనతో ఒక్కటే చెప్పాను. "నేనొచ్చేదాకా ఆ గోడ ముట్టుకోకండి."

"పని ఎక్కువై నీకు మతి పోతోంది. వెళ్లిరా," అన్నారు.

దారిలో చాలాసేపు పాప నా ఒళ్లో బాగానే ఉంది. మా వీధి దగ్గరపడుతుంటే మాత్రం నోరు చేదుగా ఉందని మొహం చిట్లించింది.

ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో బ్రష్షు, మొహంలో సంబరం.

"అలిసిపోయావని నేనే కానిచ్చేశా. ఒక్క మరక కనబడితే చూడు. ఒకచోట మాత్రం... ఎంత వేసినా రంగు లోపలికి ఇంకిపోతోంది."

పాప నా చెయ్యి వదిలి దగ్గింది. మళ్లీ దగ్గింది. పెదాలు ముంజేత్తో తుడుచుకుంది. చెయ్యంతా చిలకపచ్చ.

మేమింకా గేటు కూడా తీయలేదు.