తల్లిగడి

రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడ్డవాళ్లందరి గుండెలూ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. స్విట్జర్లాండ్ కొండల నడుమ ఉన్న ఆ లోయలోనే కాదు, లోకంలో ఎక్కడా అది వింత కాదు. మణికట్టుకు నాడిగడి అనే గడియారం కట్టుకున్నవాళ్లకు కోపం నెత్తికెక్కదు, భయం గొంతుకు అడ్డం పడదు. గుండె తప్పటడుగు వేస్తే గడి దాన్ని చెయ్యి పట్టి దారిలో పెడుతుంది.

హిమజ రొట్టె కొనుక్కుని గడియారశాల మెట్లెక్కింది. ముసలి యజమాని గాస్పార్ మోరెల్ చేతికున్న గడియారానికి రోజూ పొద్దున్నే కీ ఇవ్వడం ఆమె పని. దాన్ని తల్లిగడి అంటారు. ప్రపంచంలోని నాడిగడులన్నీ లయ నేర్చుకునేది దాని దగ్గర. అది నేర్చుకునేది మోరెల్ గుండె దగ్గర.

ఒకప్పుడు ఆయన ఏడాదికి పట్టుమని పది గడియారాలు కూడా చేసేవాడు కాదు. కోటీశ్వరులు కూడా తమ వంతు కోసం పడిగాపులు పడేవారు. గడియారశాలను కొంటామని వచ్చిన పెద్ద కంపెనీలవాళ్లకు కాఫీ ఇచ్చి సాగనంపేవాడు. నాడిగడి పుట్టాక, లయ ఇవ్వడానికి యంత్రాన్ని పెట్టమని ఇంజనీర్లు బతిమాలారు. "యంత్రం లెక్క తప్పదు. కానీ దానికి ప్రాణం లేదు. నేను బతికున్న లయనే ఇస్తాను" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మీ తరవాత ఎవరండీ అని అడగడం ఆ ఇంట్లో అమర్యాద, అందుకని ఎవరూ అడగలేదు.

ఆ పొద్దు మోరెల్ కిటికీ పక్క కుర్చీలో తల వాల్చి ఉన్నాడు. పట్టుకుంటే చెయ్యి చల్లగా తగిలింది. తల్లిగడి మాత్రం, నిన్నటి కీ మిగిలినంత మేరకు, ఆయన ఆఖరి లయతోనే నడుస్తోంది.

హిమజ కేక విని గడియారశాల పెద్ద ఒడీల్ పరుగున వచ్చింది. యజమానిని చూసి కళ్లు తుడుచుకుంది. ఆపైన, తరతరాలుగా ఆ లోయలోని గడియారాలవాళ్లు చేసే పనే చేయబోయింది. కళ్లు మూయడానికన్నా ముందు, చనిపోయినవాడి గడియారం ఆపడానికి చెయ్యి చాపింది.

హిమజ ఆ చెయ్యి ఒడిసి పట్టుకుంది.

"ఆపకండి."

"ఆచారం, హిమజా. మనిషి పోయాక అతని గడియారం నడవకూడదు."

"విశాఖపట్నంలో మా అక్క గుండె దీని మీదే నడుస్తోంది. అలాంటివాళ్లు ఎంతమందో."

ఒడీల్ చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయితే కీ ఇవ్వు" అంది.

"కీ ఒక్కటే చాలదు. కీ ఇచ్చినప్పుడల్లా అది లయ మళ్లీ నేర్చుకుంటుంది, దానికి నాడి కావాలి. ఎవరో ఒకరు కట్టుకోవాలి."

ఒడీల్ రెండడుగులు వెనక్కి వేసింది. హిమజ తన నాడిగడి విప్పేసింది. తల్లిగడిని ఆ చల్లటి చేతి నుంచి తీసి తన చేతికి కట్టుకుని కీ ఇచ్చింది.

అప్పుడు వచ్చింది భయం. నాడిగడి చేతికి ఉన్నన్నేళ్లూ ఎరగని భయం. తన గుండె ఎంత గట్టిగా కొట్టుకోగలదో ఆమె మరిచేపోయింది. గడియారం ఆ దడను బుద్ధిగా నేర్చుకుంది.

కింద వీధిలో రొట్టెల బుట్ట పడిన చప్పుడైంది. వరసలోని వాళ్లు బిక్కమొహాలు వేసుకుని ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒకామె పసిబిడ్డను ఎత్తుకుని, ఎటు పోవాలో తెలియక అటూ ఇటూ పరుగెత్తింది. ఇక్కడ ఒడీల్ గుండె పట్టుకుని గోడకు చేరగిలబడింది.

ఫోను మోగింది. అక్క సుభాషిణి.

"ఏటే హిమా, ఊరికినే భయమేసేస్తంది. ఇంట్లో ఏటీ అవలేదు. వీధిలో అందరూ బయటికొచ్చేసినారు. నా గుండె పట్టు తప్పిపోతందే."

"గడి తీసెయ్యక్కా."

"తీస్తే గుండె ఆగిపోద్దని డాక్టరు చెప్పినాడు కదే. మరిచిపోనావా?"

ఇందాక ఒడీల్‌తో తానే అన్న మాట, ఆ భయంలో నిజంగానే మరిచిపోయింది. గుర్తు రాగానే పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ వెంటనే ఫోనులో అక్క ఊపిరి ఎగదన్నడం వినిపించింది. చిన్నప్పుడు ఉరుములకు జడుసుకుంటే దుప్పట్లోకి లాక్కుని, ఏం కాదులే అని వీపు నిమిరింది ఈ అక్కే. ఇప్పుడు తాను నిమ్మళంగా ఉంటే చాలు, అక్క బతుకుతుంది. అది తలుచుకున్నకొద్దీ హిమజ గుండె ఇంకా జోరందుకుంటోంది.

"అక్కా, ఏం కాదని నువ్వే ఒక్కసారి చెప్పవా" అంది ఏడుపు దిగమింగుతూ.

అటు నుంచి రొప్పు వినిపించింది. హిమజ ఒడీల్ వైపు తిరిగింది. ఒడీల్ కూడా అదే మాట కోసం ఆమె వైపే చూస్తోంది. ఏం కాదని చెప్పడానికి, భయపడని మనిషి ఎక్కడా మిగల్లేదు.

"నేనేటి చెప్పనే హిమా" అంది అక్క చివరికి. "నాకూ భయమేస్తంది."