మద్దయ్య వయసు

కృష్ణవేణమ్మకు ఒక జబ్బుంది. దేన్నీ చూసి ఊరుకోలేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు అవ్వ ఆమెను తిడుతూ, "నీ నోరు మూతపడాలంటే దేవుడే దిగి వచ్చి జవాబు చెప్పాలమ్మే" అనేది. కాపురానికి వచ్చిన ఆరేళ్లలో అత్తగారి వంటింటి రహస్యాలు మొదలుకొని పేటలో ఎవరి మగ్గం ఎందుకు ఆగిందో అనేదాకా ఆమెకు తెలియనిది లేదు. తెలియంది ఒక్కటే, తన ఇంట్లో పడమటి గోడ వారగా ఉన్న రెండో మగ్గం సంగతి.

ఆ మగ్గం మీద సగం నేసిన చీర ఉండేది. పైన పాత దుప్పటి. శుక్రవారం శుక్రవారం అత్తగారు సుబ్బరత్నమ్మ దుప్పటి తీసి, మెత్తని గుడ్డతో దుమ్ము దులిపి, మళ్లీ కప్పేది. నేతవాళ్లు మగ్గాన్ని ఎప్పుడూ బోడిగా ఉంచరు, నిజమే. చీర కోశాక కూడా పాత పోగుల కొసలు, పోగులు దూర్చే అచ్చులోనే వదిలి, కొత్త పోగుల్ని వాటికి ఒక్కొక్కటిగా అతుకుతారు. కానీ సగం చీరను ఏళ్లకేళ్లు అట్లాగే ఉంచడం ఎక్కడా లేదు. పైగా ఆ చీర కొంగులో ఎర్రనూలుతో ఏదో బొమ్మ మొదలై ఆగిపోయింది. రెండు నిలువు గీతలు, వాటి మీద ఒక వంపు. అంతే. గుర్రం కాళ్లా? గుడి వాకిలా? ఎద్దుబండా? ఆరేళ్లుగా ఊడ్చేటప్పుడల్లా ఆమె దుప్పటి అంచు ఎత్తి చూస్తూనే ఉంది.

"మా తమ్ముడు మద్దయ్య నేసినాడు. సోలాపురం పోయినాడు" అని మొగుడు తిమ్మయ్య ఒక్కసారి చెప్పాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఆ రోజు పొద్దున్నే తిమ్మయ్య పీట మీద కాగితాలు పెట్టి స్నానానికి పోయాడు. అతను నేతగాళ్ల సంఘానికి పెద్ద, మునిసిపాలిటీలో కౌన్సిలరు. దొంగతనాలు చేసి దొరికిన పిల్లల్ని ఇదివరకు మద్రాసు వైపున ఉన్న బడికి పంపేవాళ్లు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి రెండేళ్లయింది, ఇక మన పిల్లల్ని మనమే చూసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. కరువుకు ఊళ్లు వదిలి, కోసిగి స్టేషన్లో రైళ్లెక్కి, సంతల్లో చేతివాటం చూపుతున్న పిల్లలు తక్కువేం లేరు. వాళ్లకొక ఇల్లు కట్టి, నేత నేర్పి, మనుషుల్ని చేయాలని ఆలోచన. మగ్గాలు తెలిసినవాడని ఆ పథకం తయారుచేసే పని ఛైర్మను తిమ్మయ్యకు అప్పగించాడు. ఆ రోజు పదకొండు గంటలకే సభ.

కాగితం కనబడితే కృష్ణవేణమ్మ చేతులు ఊరుకుంటాయా? అయిదో తరగతి వరకు చదువుకున్న మనిషి. రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతున్న అత్తగారికి పైకి చదివి వినిపించడం మొదలుపెట్టింది.

"నలభైమంది పిల్లోండ్లంట అత్తా. పన్నెండు మగ్గాలు. పదహారు కిటికీలు."

"వంట ఎవురు చేస్తారంట?"

"ఇద్దరు వంటోండ్లు."

"సంగటా, అన్నమా?"

కృష్ణవేణమ్మ కాగితం తిరగేసి మరగేసి చూసింది. "అది రాయలేదత్తా."

"చూస్తివా! పిల్లోండ్లు ఏం తింటారో రాయలేదు గానీ కిటికీలు ఎన్నో లెక్కపెట్టినాడు నా కొడుకు. వాండ్లు అమ్మకు జాబు రాసుకోవచ్చునా?"

"అదీ లేదు."

"రాసుకో. వాడొస్తే అడుగుదాం. ఇంగ సదువు."

ఇద్దరికీ సరదాగానే ఉంది. అత్త అడగడం, కోడలు వెతకడం, ఇద్దరూ కలిసి తిమ్మయ్యను వెక్కిరించడం. అట్లా ఏడో అంశం దాకా వచ్చారు.

"బాలుని వయస్సు విషయమున సందేహము కలిగినచో, కార్డులోగాని రిజిస్టరులోగాని నమోదైన వయస్సునే ప్రమాణముగా గ్రహింపవలెను."

రాట్నం ఆగింది. సుబ్బరత్నమ్మ చేతిలో నూలు పుటుక్కున తెగింది.

"మళ్లీ సదువు."

కోడలు మళ్లీ చదివింది. అత్తగారి ముఖంలో రంగు మారడం చూసి ఆమెకు నవ్వు పోయింది. "ఏమైందత్తా? దీంట్లో ఏముండాది?"

తల తుడుచుకుంటూ వచ్చిన తిమ్మయ్యకు వాళ్ల వాలకం అర్థం కాలేదు. "ఏమప్పా, ఇద్దరూ గమ్మునున్నారు?"

"ఏరా, ఏడోది నువ్వే రాసినావా?" అంది తల్లి.

అతను కాగితం వైపు చూశాడు. చేతిలోని తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు, మళ్లీ తీశాడు. "గుమాస్తా రాసినాడమ్మా. అన్ని ఊర్లలో అట్లనే రాస్తారంట."

"సదివి సంతకం పెట్టింది నువ్వే గదా. రిజిస్టరు మాట వేదమని నువ్వే రాస్తాండావా? మద్దయ్యకు అప్పుడు ఎన్నేండ్లురా?"

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు? సభకు టైమవుతాంది."

"ఎప్పుడు ఎన్నేండ్లు? ఏం జరిగింది?" అంది కృష్ణవేణమ్మ. ఇద్దరి ముఖాలూ చూసింది. "నాకు తెలీనిదేదో ఉండాది. ఈరోజు చెప్పకుంటే ఈ ఇంట్లో పొయ్యి వెలిగించను."

తిమ్మయ్య గోడకు ఆనుకొని కూలబడ్డాడు. సుబ్బరత్నమ్మే చెప్పింది.

యుద్ధకాలం అది. నూలుకు కంట్రోలు. పద్దెనిమిదేళ్లు నిండిన నేతగాడికే నూలు కార్డు. ఇంటి పెద్ద చనిపోయి ఏడాది కాలేదు. మగ్గాలు రెండు, కార్డు ఒక్కటే. మద్దయ్యకు పదమూడేళ్లు, కానీ తాటిచెట్టులా పెరిగాడు. అన్నకంటే ముందే చీర అంచులో రుద్రాక్షల వరస నేయడం నేర్చాడు. "పద్దెనిమిదని రాయించుకోనిరా పో, ఎవురు చూస్తారు" అని పెద్దకొడుకును తనే పంపింది. పేటలో అందరూ చేసిందే. కార్డు వచ్చింది, రెండో మగ్గం నడిచింది.

ఆ కుర్రాడికి కొంగులో ఏదో బొమ్మ వేయాలని పిచ్చి పుట్టింది. ఎర్రనూలు లేదు. నూలు పంచే కొట్టులోంచి రెండు చిలపల ఎర్రనూలు చంకలో పెట్టుకొని వచ్చి దొరికిపోయాడు. కంట్రోలు నూలు కాబట్టి కేసయింది. మేజిస్ట్రేటు వాడి ముఖం చూసి, "వీడు పిల్లవాడిలా ఉన్నాడే" అన్నాడు. గుమాస్తా నూలు కార్డుల రిజిస్టరు తెరిచి పద్దెనిమిది చూపించాడు. నిజమేనా అని అన్నను అడిగారు.

"ఏం చెప్పినావు?" అంది కృష్ణవేణమ్మ మొగుడితో.

"కాదంటే కార్డు పోతాది. దొంగరాతకు మా మీదా కేసవుతాది. ఇంట్లో గింజ లేదు." తిమ్మయ్య తల ఎత్తలేదు. "'అవును సామీ' అన్యా."

పదమూడేళ్లవాడిని ఆ మద్రాసు బడికి పంపాల్సింది పోయి, గడ్డాలు మీసాలున్న మనుషుల మధ్య ఆరు నెలలు పెద్ద జైల్లో పెట్టారు. విడుదలైన రోజు మద్దయ్య ఇంటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రమ్మంటే లోపలికి రాలేదు. "అమ్మా, నాకు ఎన్నేండ్లు?" అని అడిగాడు. వాకిట్లో పొరుగువాళ్లున్నారు, కార్డింకా ఇంట్లోనే ఉంది. తల్లి నోరు పెగల్లేదు. అన్న మొగం తిప్పుకున్నాడు. వాడు చెంబుడు నీళ్లు తాగి, సోలాపురం పోతున్న నేతగాళ్ల వెంట వెళ్లిపోయాడు. పదకొండేళ్లయింది. అక్కడున్నాడని, పనిచేస్తున్నాడని పోయివచ్చినవాళ్లు చెబుతారు, అంతే.

కృష్ణవేణమ్మకు కళ్లనిండా నీళ్లు, మనసునిండా కోపం. "ఆరేండ్లు నాకు సోలాపురం కతలు చెప్పినారు."

"అబద్ధం గాదు గదా. ఆడనే ఉండాడు" అన్నాడు తిమ్మయ్య గొణుగుతూ.

"ఏడోది కొట్టేయరా" అంది తల్లి. "డాక్టరు చూసి చెప్పాల, పండ్లు చూసి, ఒళ్లు చూసి. కడుపు కోసం మనట్ల రాయించినోండ్లు ఎంతమందో!"

"ఎందుకు మార్చాలని సభలో అడుగుతారమ్మా. ఏమని చెప్పాల? మా ఇంట్లో దొంగరాత రాయించినామనా? సంఘానికి పెద్దను. పేటలో తలెత్తుకోని తిరగాల గదా!"

"నువ్వు తలెత్తుకోనే తిరుగుతాండావు నాయనా. తల దించుకోని పోయింది వాడు."

తిమ్మయ్య విసురుగా లేచి కాగితాలు అందుకున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా తెలియడం లేదు. కృష్ణవేణమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. తనకు చేతనైన పనే చేసింది.

"ఒగటే అడుగుతా, చెప్పి పో. ఆ ఇల్లు కట్టినంక ఒగ పిల్లోడు నీ ముందర నిలబడి, అయ్యా నాకు ఎన్నేండ్లు అని అడిగితే ఏం చెప్తావు?"

తిమ్మయ్య ఆమెను తప్పించుకొని వెళ్లిపోయాడు. పొద్దున కలిపిపెట్టిన సంగటి అట్లాగే ఉండిపోయింది.

అత్తాకోడళ్లకు పని సాగలేదు. పన్నెండు దాటాక మునిసిపాలిటీ జవాను గోపన్న చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. కౌన్సిలర్లకు మజ్జిగ తెమ్మని పంపితే దారి మార్చి వచ్చాడు. కబురు కడుపులో దాచుకోగల మనిషి కాదు.

"సుబ్బరత్నమ్మా, మీవాడు సభలో లేచి ఏడ్చినంత పని చేసినాడు తల్లీ! ఏడోది తప్పు, కొట్టేయండి అన్యాడు. ఎందుకప్పా అని ఛైర్మను అడిగినాడు. మా తమ్మునికి పదమూడేండ్లప్పుడు పద్దెనిమిదని రాయించి జైలుకు పంపినోన్ని నేనే అన్యాడు. మా అమ్మకు ఏమీ తెల్దు, అంతా నేనే చేసినా అన్యాడు."

కృష్ణవేణమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. పొద్దుటినుంచి మొగుడి మీద పెట్టుకున్న కోపమంతా ఏమైందో ఆమెకే తెలియలేదు. కానీ సుబ్బరత్నమ్మ రాట్నం పక్కకు నెట్టి లేచింది.

"ఏమన్యాడు? అమ్మకు తెల్దన్యాడా?"

"అవునమ్మా. మీ పేరు బయటపడనీలేదు."

"మళ్లీ దొంగరాతేనా! కృష్ణవేణీ, చెప్పులు యాడ?"

"ఎందుకత్తా? యాడికి?"

"రిజిస్టరు కాడికి. ఈసారన్నా సరింగా రాయించాల."

మగ్గాల వీధి దాటి కచేరీల వైపు ఎన్నడూ పోని మనిషి ఎండలో ముందు నడుస్తుంటే, కోడలు వెనక పరుగెత్తింది. ఏమంటారో, లోపలికి రానిస్తారో లేదో, అత్తకు ఇంత ధైర్యం ఎక్కడిదో అని దారిపొడవునా ఆమె తలలో ప్రశ్నలే. సభ తలుపు దగ్గర ఎవరో ఆడవాళ్లకు ప్రవేశం లేదన్నారు. సుబ్బరత్నమ్మ వినిపించుకోకుండా పోయి ఛైర్మను ముందు నిలబడింది.

"పెద్దయ్యా, నేను తిమ్మయ్య అమ్మను. వాడు చెప్పింది సగం అబద్ధం. పద్దెనిమిది రాయించమని చెప్పింది నేను. వాడు చిన్నోడు, నా మాట విన్యాడు."

"అమ్మా, నువ్వు ఇంటికి పో" అన్నాడు తిమ్మయ్య లేచి. "కోర్టులో నోరు తెరిచింది నేను."

"తెరిపించింది నేను. కార్డు పోతే ముగ్గురం సస్తామని దారిలో చెప్పలేదా? నా పాలు నాకు ఉండనీరా."

తప్పు నాదంటే నాదని తల్లీకొడుకులు నలుగురిలో పోట్లాడుకుంటుంటే కౌన్సిలర్లు ఏం చేయాలో తెలియక ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నేతవాళ్లున్నారు. వాళ్లు మాత్రం నేల చూపులు చూస్తున్నారు. వాళ్ల ఇళ్లలోనూ అప్పటి కార్డులు ఉండే ఉంటాయి. ముసలి ఛైర్మను కళ్లద్దాలు తుడుచుకొని, ఆమెకు కుర్చీ వేయించాడు.

"రాసుకోప్పా" అన్నాడు గుమాస్తాతో. "వయసు డాక్టరు చూసి చెప్పాల. రిజిస్టరు మాట ఒక్కటే నమ్మగూడదు. ఇంగేమన్నా ఉందామ్మా?"

"ఉండాది సామీ. పిల్లోండ్లు నెలకొగ జాబు ఇంటికి రాసుకోవాల. సంగటా అన్నమా అనేది గూడా రాయండి. నా కొడుకు మర్సిపోయినాడు." ఆగి, చీర చెంగు ముడి వేసుకుంటూ అంది. "నా చిన్నకొడుకు మద్దయ్యకు అప్పుడు పదమూడేండ్లే. అది గూడా మీ పుస్తకంలో రాస్తారా?"

గుమాస్తా ఛైర్మను వైపు చూశాడు. ఛైర్మను రాయమన్నట్టు తల ఊపాడు.

ముగ్గురూ ఇంటికి వచ్చారు. గడప దగ్గర తిమ్మయ్య ఆగిపోయాడు, తమ్ముడు నిలబడ్డ చోటే. తల్లి అతని చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయి, పొద్దుటి సంగటి వేడిచేసి ముందు పెట్టింది. అతను తింటూ ఏడ్చాడు, ఏడుస్తూ తిన్నాడు.

ఆ సాయంత్రమే కృష్ణవేణమ్మ కార్డు ముక్క తీసుకొని కూర్చుంది. సోలాపురంలో ఏ వీధో పోయివచ్చినవాళ్లను అడిగి తిమ్మయ్య రాసుకొచ్చాడు. అత్తగారు చెప్పింది చెప్పినట్టే రాసింది. "నాయనా మద్దయ్యా, నువ్వు అడిగినావు, నేను చెప్పలేదు. నీకు అప్పుడు పదమూడేండ్లే. మునిసిపాలిటీ పుస్తకంలో రాసినారు. ఇప్పుడు నీకు ఇరవై నాలుగు." అక్కడితో ఆపి సుబ్బరత్నమ్మ కార్డును కొడుకు వైపు జరిపింది. తిమ్మయ్య కలం తీసుకొని అడుగున, "తమ్ముడా, తప్పు చేసినా" అని మాత్రం రాశాడు.

ఇంకా రెండు వేళ్ల చోటు మిగిలింది. కృష్ణవేణమ్మకు చోటు మిగలడం నచ్చదు. "నేను నీ వదినను. నన్ను నువ్వు చూడలేదు. నీ మగ్గం మీద పోగు ఎవురూ తెంచలేదు. ఆ కొంగులో రెండు గీతలేసి పైన వంపు తిప్పినావే, అది ఏం బొమ్మ? ఆరేండ్లనుంచి అడుగుతాండా, ఎవురికీ తెల్దు" అని రాసింది.

మూడు వారాలకు జవాబు వచ్చింది. పోస్టాఫీసునుంచి గోపన్న తెచ్చిచ్చాడు. చదవమని అత్తగారు కొంగు పట్టుకు లాగుతుంటే కృష్ణవేణమ్మకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఉన్నది ఒక్క వరుసే.

"నోటితో చెప్తే రాదు వదినా. వచ్చి నేసి చూపిస్తా."

సుబ్బరత్నమ్మ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత లేచి పడమటి గోడ దగ్గరికి పోయి, శుక్రవారం కాకపోయినా దుప్పటి తీసి మడతపెట్టింది.