లాకుల గదిలో ఒంటి తుమ్ము

“కోడ్?”

“కోరుకొండ మెట్లెక్కుతున్నాను.”

ఫోన్లో చీఫ్ శ్యాంబాబు గొంతు తగ్గించాడు. “విజయ్ పాల్, గోదావరి పొంగి ఉంది. గేట్లు నడిపే లాకుల సర్వర్‌లోకి విదేశీ ముఠా పన్నెండింటికి ఓ మాడ్యూల్, అదే దొంగ ప్రోగ్రామ్ ముక్క, ఎక్కిస్తుంది. అది సర్వర్‌కి గుండెకాయలాంటి కెర్నెల్ మెమరీలో కూర్చుందంటే గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయి. దిగువన రెండు వందల చేపల పడవలున్నాయి. దారులన్నీ మూసెయ్.”

ఏసీ మెకానిక్ వేషంలో విజయ్ పాల్ సర్వర్ గదిలో చేరాడు. కిటికీ లేదు. ఉన్నది ఒక్క ఎలక్ట్రానిక్ తలుపు, దాని కింద నుంచి వరద నీళ్లు. సర్వర్ని అటక మీద పెట్టిన మహానుభావుడికి దండం! విజయ్ పాల్ కెర్నెల్ చిరునామాలు దాచాడు. మెమరీని నేరుగా చదివే దారి మూశాడు. ఇక కొత్త మాడ్యూల్స్‌ని రానివ్వని ఆప్షన్ ఒక్కటే మిగిలింది. కమాండ్ టైప్ చేశాక ఎంటర్ మీద వేలు ఆగిపోయింది. తలుపు తెరిచే డ్రైవర్ ప్రోగ్రామూ మాడ్యూలే, కార్డు చూపినప్పుడే ఎక్కుతుంది. నొక్కితే తనూ లోపలే. చచ్చేంత భయమేసింది.

ఇంతలో తలుపు తెరుచుకుని మూసుకుంది.

“చేతులెత్తండి, మెకానిక్ గారూ.”

డిపార్ట్‌మెంట్ కన్సల్టెంట్ అశ్విని! నల్ల కళ్లద్దాలు, చేతిలో బుల్లి పిస్టల్. ఇటు ఉంటూ అటు పనిచేస్తోందన్నమాట. చేతి గాజులోంచి పెన్‌డ్రైవ్ తీసి సర్వర్‌కి గుచ్చింది. తెరమీద నలభై సెకన్లు.

“మీది ఏ ఊరండీ?” మాటల్లో పెట్టాడు విజయ్ పాల్.

“ఓడలరేవు. లోవమ్మ మనవరాల్ని. ఇప్పుడవన్నీ ఎందుకులెండి, వెళ్లొస్తాను.” కార్డు పైకెత్తింది.

విజయ్ పాల్ చర్చికి వెళ్లే మనిషి, శకునాలు నమ్మడు. నమ్మేవాళ్లని మాత్రం బాగా ఎరిగినవాడు. ముక్కులో ఏ దురదా లేకుండానే గట్టిగా తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

అశ్విని ఆగిపోయింది. నాలుగు దేశాలు ట్రైనింగ్ ఇస్తే మాత్రం, నాయనమ్మ పెంపకం ఎక్కడికి పోతుంది? “ఛ, బయల్దేరేటప్పుడే!” అని విసుక్కుంటూ, దోషం పోవాలని కాసిని నీళ్లు తాగడానికి కుర్చీలో కూర్చుంది. నీళ్ల సీసా మూత తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. పిస్టల్ బల్ల మీద పెట్టింది.

తెరమీద ఇంకా మూడు సెకన్లు. ఒక చేత్తో పిస్టల్ లాక్కుని, రెండో చేత్తో ఎంటర్ కొట్టాడు.

“ఆపరేషన్ నాట్ పర్మిటెడ్” అంది తెర, పెన్‌డ్రైవ్‌లోని మాడ్యూల్‌ని ఆపేస్తూ.

అశ్విని పరుగెత్తి కార్డు చూపింది. తలుపు కదల్లేదు. “రీబూట్ చెయ్యండి! మునిగిపోతామండీ!”

“చేస్తే మీ మాడ్యూలూ ఎక్కుతుంది కదండీ.”

నీళ్లు మోకాళ్లకొచ్చాయి. ఫోన్ మోగింది.

“గేట్లు కదల్లేదు, శభాష్!” అన్నాడు చీఫ్. “ఇంకేం కావాలి? హెడ్డాఫీసు నుంచి ఎక్స్‌పర్ట్‌ని పంపనా?”

“వద్దు సార్, గడ్డపార ఉన్నవాణ్ని పంపండి.”