విప్పి చూడనివ్వని మూల

పొద్దున ఆరున్నరకే కోడలు తన కూతురి గదిలో బకెట్ మార్చింది. తెల్లవారుజామున కురిసింది పెద్ద వానేమీ కాదు, నాలుగు చినుకులు. అయినా మంచం నడిమధ్యన పెట్టిన బకెట్ సగం నిండింది. తొమ్మిదేళ్ళ పిల్ల వారం రోజులుగా హాల్లో సోఫా మీద ముడుచుకుని పడుకుంటోంది, పొద్దున్నే మెడ పట్టేసిందంటూ లేస్తోంది. అసలు వానలు ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతాయని టీవీలో చెప్పారు. నాలుగు రోజులు ఎంతలో వచ్చి పడతాయి?

ఇంటి పని, కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం, ఈ కప్పు గొడవ, మూడూ ఆమె నెత్తినే పడ్డాయి. మొగుడు సరుకు లారీ మీద వారానికి అయిదు రోజులు ఊళ్ళు తిరుగుతాడు. ఫోన్లో ఏది అడిగినా "చూద్దాంలే" అంటాడు. అందుకే అతని నంబర్‌ని ఆమె ఆ పేరుతోనే దాచుకుంది.

కప్పు గురించి తెలిసినవాడు ఇంట్లో లేక కాదు. మామగారు నలభై ఏళ్ళు పెంకుల కప్పులు వేసిన మేస్త్రీ. ఈ ఇంటి కప్పు కూడా ఆయన చేతిదే. మోకాళ్ళు అరిగి నిచ్చెన ఎక్కలేని రోజు వచ్చాక వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురు వరస ఇళ్ళ కప్పులకు వంకలు పెడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. అలాంటి మనిషి ఇంట్లో ఉండగా బయటివాళ్ళను పిలవడం కోడలికీ ఇబ్బందిగానే ఉంది. ఆ పిలిచినవాళ్ళైనా ఆయన ముందు నిలిస్తేగా.

మొన్న మొదటి కాంట్రాక్టర్ చేతిలో ట్యాబ్‌తో వచ్చాడు. నిచ్చెన ఊసే లేదు. వీధిలోంచే కప్పును ఫోటో తీసి, మొత్తం పీకేసి కొత్తది వెయ్యాలన్నాడు. అతను చెప్పిన అంకెను కోడలు రెండుసార్లు అడిగి మరీ రాసుకుంది. "ఇప్పటికి ఎన్ని కప్పులు ఎక్కావు నాయనా?" అని మామగారు అడిగేసరికి అతను ట్యాబ్ మూసి బయల్దేరాడు. రెండో కాంట్రాక్టర్ అందులో అయిదో వంతుకే ఒప్పుకున్నాడు, పైన ఏదో పూత పూస్తే చాలన్నాడు. గోడకు సున్నం కొట్టినట్టు కప్పుకు పూతేమిటని మామగారు అతన్నీ దులిపేశాడు. నోట్‌బుక్‌లో రెండు కొటేషన్లు పక్కపక్కన మిగిలాయి. వాటిలో ఏది అబద్ధమో, లేక రెండూ అబద్ధమేనో ఆమెకు తేలలేదు.

"మావయ్యా, మీరే చెప్పండి. అసలు ఎంతవుతుంది?" కాఫీ ఇస్తూ అడిగింది.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మాయీ. నాలుగు పెంకులు కదిలుంటాయి. సర్దితే సరి."

"ఎవరు సర్దాలి?"

ఆయన కాఫీ గ్లాసులోకి చూస్తూ, "చూద్దాం" అన్నాడు.

తండ్రికీ కొడుక్కీ ఇందులో మాత్రం పోలిక తప్పలేదని మనసులో అనుకుని, ఆమె గిన్నెలు తోమడానికి వెళ్ళింది.

ఏడున్నరకు మూడో కాంట్రాక్టర్ వచ్చింది. నలభై దాటిన ఆడమనిషి, ఎండకు కమిలిన ముంజేతులు. వ్యాన్ మీంచి నిచ్చెన తనే దించుకుంది. చుట్టుపక్కల అందరూ ఆవిడను నిచ్చెనమ్మ అంటారు. ఆవిడకూ ఆ పేరు నచ్చినట్టుంది, వ్యాన్ మీద అదే రాయించుకుంది.

నిచ్చెనమ్మ ముందు పిల్ల గదిలోకి వెళ్ళి టార్చి వేసి చాలాసేపు పైకి చూసింది.

"కారేది ఇక్కడ కాదమ్మా. నీళ్ళు ఎక్కడో దిగి, వాసం వెంట జారి ఇక్కడికొస్తున్నాయి. రెండు వాలులూ కలిసే మూలలో పెంకులు విప్పి చూడాలి."

"ఎంతవుతుందో ఉజ్జాయింపుగా చెప్పండి."

"విప్పకుండా చెప్తే అది ధర కాదు, జోస్యం."

మొదటిసారి ఒక కాంట్రాక్టర్ మాట మీద కోడలికి నమ్మకం కుదిరింది. నిచ్చెనమ్మ గోడకు నిచ్చెన ఆనించి నాలుగు మెట్లు ఎక్కింది. అంతలో మామగారు కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ళ బాధ కూడా మరిచి గబగబా వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"దిగమ్మా. ఆ మూల జోలికి పోవద్దు."

"నిచ్చెన కదపకండి పెద్దాయనా, పైన మనిషున్నాను."

"అందుకే దిగమంటున్నాను."

నిచ్చెనమ్మ దిగింది. కోపం తెచ్చుకోలేదు. "ఇవాళ చూస్తే ఎల్లుండి పని మొదలుపెడతాను. ఇవాళ కాకపోతే మళ్ళీ వానలు వెలిశాకే. మధ్యాహ్నం దాకా చివరి వీధిలో ఉంటాను. ఇంట్లో అందరిదీ ఒక మాటయ్యాక పిలవండి" అని కోడలితో చెప్పి వ్యాన్ ఎక్కింది.

వ్యాన్ మలుపు తిరిగేదాకా కోడలు ఓర్చుకుంది.

"ఇంకెంతమందిని తరుముతారు మావయ్యా?"

"నేనెవర్నీ తరమలేదు."

"మీరు వేసిన కప్పు మీద ఇంకొకరి చెయ్యి పడితే మీకు పరువు తక్కువ. అంతేగా? మీ పరువు కింద నా కూతురి మంచం తడుస్తోంది."

నోరు జారాక వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది. బడి సంచితో గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నేను సోఫాలోనే పడుకుంటాలే అమ్మా. తాతయ్యనేం అనకు."

బడి బస్సు వచ్చి పిల్లను తీసుకుపోయింది. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. కోడలు దుకాణానికి ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానని చెప్పింది. వంటింట్లోకి వెళ్ళింది, ఏ పనీ తోచక తిరిగి వరండాలోకి వచ్చింది. మామగారు కుర్చీలో కూర్చోకుండా దాని వెనక నిలబడి ఉన్నాడు.

"నువ్వన్నది నిజమే. పరువే" అన్నాడాయన. "కానీ ఇంకొకరి చెయ్యి పడుతుందని కాదు. కన్ను పడుతుందని. ఆ మూలలో పెంకుల కింద రేకు లేదమ్మాయీ."

"లేకపోవడమేమిటి?"

"రెండు వైపుల నీళ్ళూ అక్కడే దిగుతాయి. కింద రేకు వేసి తీరాలి. పనిలో కొత్తగా చేరినవాడికి మొదటి రోజు నేర్పేది అదే. ఎవడైనా మరిస్తే ఆ పూటే పంపేసేవాణ్ణి. అలాంటి నేను తారు కాగితం ఒక్కటి పరిచి, పైన పెంకులు పేర్చేశాను."

"ఎందుకు మావయ్యా?"

"రేకు మర్నాడు వస్తుందన్నారు. నువ్వు ఆస్పత్రి నుంచి ఆ సాయంత్రమే వస్తున్నావు."

కోడలికి అంతా గుర్తొచ్చింది. పిల్ల మూడు వారాల ముందే పుట్టింది. అద్దె గది అప్పటికే ఖాళీ చేసేశారు. ఆస్పత్రి మంచం మీంచి తనే ఫోన్ చేసింది. పిల్లతో తిన్నగా కొత్తింటికే వస్తానని, వచ్చేసరికి కప్పులోంచి ఆకాశం కనబడకూడదని చెప్పింది. నవ్వుతూ అంది, ఫోన్ పెట్టేశాక మరిచిపోయింది. ఆయన మరవలేదు.

"తర్వాత విప్పి వేద్దామనుకున్నాను. కింద పసిపిల్ల ఉండగా కప్పు విప్పడమేమిటని ఒక నెల ఆగాను. అలా ఇంకో నెల. ఆ తర్వాత మోకాళ్ళు. వాన పడ్డప్పుడల్లా ఆ గదిలోకి వెళ్ళి పైకి చూసి వచ్చేవాణ్ణి."

ఆయన వెళ్ళడం ఆమె ఎన్నోసార్లు చూసింది. పిల్లకు దుప్పటి సర్దడానికి వెళ్తున్నాడనుకుంది.

"ఇన్నేళ్ళు ఒక్క మాటైనా చెప్పకపోయారా?"

"ఏమని చెప్పను? ఇంట్లో మేస్త్రీ ఉన్నాడని నీకు ధీమా. అదీ పోతే నాకు ఈ ఇంట్లో ఇంకేం మిగులుతుంది?"

ఆమె ఏడ్చింది. అన్న మాటకు సిగ్గుపడి కొంత, ఈ మనిషి అన్ని వానల్లోనూ ఒంటరిగా భయపడ్డాడని తెలిసి కొంత. కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"నిచ్చెనమ్మను పిలుస్తున్నాను. కప్పు ఎవరు వేశారో మాకు తెలియదంటాను. మీరు లోపల కూర్చోండి."

ఆయన మెల్లగా లోపలికి నడిచాడు.

పదకొండింటికి నిచ్చెనమ్మ పైకెక్కి మూలలో పెంకులు తియ్యడం మొదలుపెట్టింది. కింద కోడలు ఒకచోట నిలవలేక అటూ ఇటూ తిరుగుతోంది. అయిదారు పెంకులు తీశాక పై నుంచి గొంతు వినిపించింది.

"ఈ మూల ఎవరు వేశారమ్మా?"

"మాకు తెలీదండీ, ఎప్పుడో..."

"నేనే వేశాను."

మామగారు ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. "రేకు వెయ్యలేదు. మూల పొడుగు పదకొండు అడుగులు. పై నుంచి కింది దాకా తారు కాగితమే. రాసుకో."

నిచ్చెనమ్మ పని ఆపలేదు. ఆ వాలు మీద కొన్ని, ఈ వాలు మీద కొన్ని పెంకులు ఎత్తి చూసింది.

"కప్పంతా కదపక్కర్లేదు, ఈ మూల ఒక్కటే. మిగతాదంతా గీత గీసినట్టుంది, ఇలాంటి పని ఈమధ్య చూళ్ళేదు. ఇంత చెయ్యి తిరిగిన మనిషి, ఇక్కడెందుకిలా చేశారు పెద్దాయనా?"

ఆయన నోరు విప్పేలోగా కోడలు నిచ్చెన దగ్గరికి వచ్చింది.

"నేను తొందరపెట్టాను" అంది కోడలు. "పుట్టిన పిల్లను ఈ ఇంటికే తెస్తానన్నాను. నా కోసం ఆ మూల ఒక్క పగల్లో ముగించారు."

ఆయన కోడలి వైపు చూశాడు. నలుగురిలో తలవంచడం అలవాటు లేని ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఆమె దగ్గరగా వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

పై నుంచి నిచ్చెనమ్మ ధర చెప్పింది. కోడలు బేరమాడకుండా సరేనంది. ఎల్లుండి పొద్దున మనుషులను తెస్తానని, ఈలోగా టార్పాలిన్ కప్పి పోతానని ఆవిడ చెప్పింది.

"అమ్మా" అని పిలిచాడు మామగారు. "రేకు ఎప్పుడొస్తుంది?"

"ఎల్లుండికి వచ్చేస్తుంది. ఒక రోజు అటూ ఇటూ."

"అటూ ఇటూ అయితే ఆగు. మేం సర్దుకుంటాం. అది వచ్చేదాకా ఒక్క పెంకు కూడా పెట్టకు."