తొందరపెట్టని పెట్టె

"అదేమన్నా అఖండ దీపమా అత్తయ్యా, ఆరకూడదనడానికి?" వంటింట్లోంచి అంది వకుళ. "వారాలనుంచి హాల్లో ఆ పెట్టె వెలుగుతూనే ఉంది. వైర్లు దాటలేక చస్తున్నాను."

"దీపమైతే ఆరినా మళ్ళీ వెలిగించుకోవచ్చు. ఇది ఆపితే ఆట మొత్తం పోతాది," అంది ప్రత్యూష, సోఫాలోంచి కదలకుండా. "ఆడింది గుర్తుపెట్టుకునే బ్యాటరీ చచ్చిపోయిందని చెప్పాను కదా. ఆ రకం ఇప్పుడెక్కడా దొరకదు."

"పోతే పోనివ్వండి. సాయంత్రానికి తన్మయికి సీటు ఖాయమైపోతుంది. బట్టలు సర్దుకోవలసిన పిల్ల..."

"సర్దుకోవలసిన పిల్ల? ఏటి, పూర్తిగా చెప్పు. నాకు ఊహిక లేదు."

వకుళ నాలుక కరుచుకుంది. మాటను చివరిదాకా చెప్పే అలవాటు ఆ ఇంట్లో అత్తగారికి తప్ప ఎవరికీ లేదు. మిగతా సగం ఎదుటివాళ్ళ ఊహికే అందిస్తుంది.

ఊహిక ఆవగింజంత పూస. ఏడాది పిల్లల్ని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టేటప్పుడే, బంగారు పోగుతోపాటు దాన్నీ పెట్టిస్తారు. మనిషికి ఏం కావాలో, అది కోరికగా తెలియకముందే పసిగట్టి జరిపిస్తుంది. వకుళకు కాఫీ మీదకు మనసు పోయే వేళకి పాలు కాగుతూ ఉంటాయి. బజారుకు బయలుదేరితే ఏ సందులోంచి వెళ్ళాలో కాళ్ళకే తెలుస్తుంది. విశాఖలో దారి తప్పినవాళ్ళను చూసి ఎన్నేళ్ళయిందో! ప్రత్యూష కూడా ఒకప్పుడు పెట్టించుకుంది. వారం తిరక్కుండా తీయించేసింది. "నాకన్నా ముందు అది నేనయిపోతంది," అని ఆమె చెప్పిన కారణం డాక్టరుకు అర్థం కాలేదు.

తన్మయి ఇంటర్ పూర్తి చేసేలోపే అండమాన్‌లో సముద్రగర్భ వ్యవసాయం చదవాలని ఆమె ఊహిక నిర్ణయించింది. అంగీకారమూ పంపేసింది. ఇంట్లో ఎవరూ తన్మయిని అడగలేదు. అడగడం మర్యాద కాదు. తెలిసిన సంగతిని ఎవరడుగుతారు?

ఆ వేసవి సెలవుల్లోనే ప్రత్యూష తన చిన్ననాటి ఆటపెట్టెను అటక మీంచి దింపించింది. వాళ్ళ నాన్న కొనిచ్చినది. పక్కవీధిలో పాత సామాన్ల కొట్టతను దానికి సరిపోయే టీవీ వెతికిచ్చాడు. నలుగురు సాహసికులు, గుహలు, కోటలు, మంత్రాలు, ఒక డ్రాగన్. మనుషులు వేలెడంత, చెట్లు పచ్చటి చుక్కలంత.

మొదటి యుద్ధం వచ్చినప్పుడు తెరమీద నాలుగు మాటలు కనిపించాయి. కొట్టు, మంత్రం వెయ్యి, కాచుకో, పారిపో. తన్మయి మీట చేతిలో పట్టుకుని వాటికేసి చూస్తూ కూర్చుంది. ఎంతకీ ఏమీ జరగలేదు.

"నాయనమ్మా, ఇది పాడైపోయింది."

"పాడవలేదే తల్లీ. ఇప్పుడు నీ వంతు. నువ్వు నొక్కేదాకా ఆగుతాది."

"ఎంతసేపు?"

"నీకెంత కావాలంటే అంత."

"రేపటిదాకా నొక్కకపోతే?"

"రేపటిదాకా."

"ఆ రాక్షసుడు కూడానా?"

"ఆడు కూడా. నువ్వు ఆలోచించుకుంటుంటే మీద పడడు. అంత మర్యాదస్తుడు."

తన్మయి లేచి వెళ్ళి టీవీ వెనక్కి తొంగిచూసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆమె పుట్టాక దేనికోసమూ తను ఆగింది లేదు, తనకోసం ఏదీ ఆగిందీ లేదు.

అలా మొదలై, వారాలు గడిచి, ఇప్పుడు చివరి గుహలో డ్రాగన్ ఎదురుగా నిలబడింది ఆట. మొన్నటినుంచి తన్మయి ఏమీ నొక్కలేదు.

పెట్టె ఆపేద్దామని వకుళ హాల్లోకి వెళ్ళింది. కూతురి మొహం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. కనుబొమలు దగ్గరపడి ఉన్నాయి. పెదవిని పళ్ళతో నొక్కిపెట్టింది.

"ఏమైందే? కడుపునొప్పా?"

"ఆలోచిస్తున్నానమ్మా."

వకుళకు కూతురు నవ్వితే ఎలా ఉంటుందో, అలిగితే ఎలా ఉంటుందో తెలుసు. ఈ మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. తెరమీద నలుగురు బొమ్మలకింద పేర్లున్నాయి. ఒకదాని కింద 'వాకు' అని ఉంది.

"అది నేనా?"

"నాలుగు ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. నువ్వు వైద్యురాలివి."

"మీ నాన్నో?"

"దొంగ."

సోఫాలోంచి ప్రత్యూష పకపకా నవ్వింది. "సరిగ్గా పెట్టింది. చిన్నప్పుడు బెల్లం డబ్బా ఖాళీ చేసేసేవోడు."

"నీ దగ్గర ఒక్క మంత్రానికే శక్తి మిగిలిందమ్మా," అంది తన్మయి. "నిన్ను బతికించుకోవచ్చు. లేదా నన్ను. నేను పోతే దాన్ని కొట్టేవాళ్ళుండరు. నువ్వు పోతే మందు వేసేవాళ్ళుండరు."

వకుళ వైర్లు దాటి వచ్చి నేలమీద కూతురి పక్కన కూర్చుంది. డ్రాగన్ ఊపిరి పీలుస్తోంది, వదులుతోంది. చూస్తే అది రెండే బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి. అయినా అంత పెద్ద మృగం, నోటినిండా నిప్పు పెట్టుకుని, పదిహేడేళ్ళ పిల్ల ఆలోచన తెమిలేదాకా కదలకుండా నిలబడి ఉంది. వకుళ కోసం అలా ఎవరైనా ఆగారా? తన పొయ్యి కూడా ఆగదే! చెవిలో ఊహిక సూట్‌కేసుల సంగతి గుర్తుచేసింది. ఆమె వినిపించుకోలేదు.

ఎంతసేపు కూర్చున్నారో ఏమో. తన్మయి నొక్కింది.

వాకు చుట్టూ తెల్లటి వెలుగు తిరిగింది. వకుళకు తెలియకుండానే చెయ్యి గుండెమీదకు పోయింది. తర్వాత డ్రాగన్ వంతు వచ్చింది. తెరంతా ఎర్రబడింది. ముందు తన్మయి బొమ్మ పోయింది, ఆ వెనక నాయనమ్మ, దొంగ, చివరికి వాకు. తెర నల్లబడి ఆట మొదటి పేజీ వచ్చింది. వారాల ప్రయాణంలో ఏమీ మిగల్లేదు.

"అయ్యో తల్లీ," అంది ప్రత్యూష.

వకుళ నోట్లోకి ఓదార్పు మాటలు తయారుగా వచ్చేశాయి. కానీ తన్మయి కళ్ళలో నీళ్ళతో నవ్వుతోంది.

"తప్పు చేశాను! అమ్మా, చూశావా? ఎవరూ చెయ్యించలేదు. నాకు నేనే చేశాను!"

వకుళ ఆ తయారు మాటల్ని పక్కనపెట్టి కొంగుతో కూతురి కళ్ళు తుడిచింది.

సాయంత్రం శశిధర్ ఇంటికి వచ్చేసరికి, అతని ఊహిక తెప్పించిన కాజాల పెట్టె అతనికన్నా ముందే వచ్చి బల్లమీద ఉంది. అందరూ చుట్టూ కూర్చున్నారు. అతను పెట్టె విప్పి కూతురివైపు తోశాడు.

"సంతోషమే కదమ్మా?"

ఉత్త ఆనవాయితీకి అడిగాడు. జవాబు అడగకముందే చెవికి చేరాలి. చేరలేదు. అతను పూసను వేలితో తట్టి చూసుకున్నాడు. ఆత్రంగా భార్యకేసి చూశాడు. ఆమె చెవికీ ఏ జవాబూ చేరలేదు. తయారైన కోరికను పట్టుకోవడమే ఊహికకు తెలుసు. కోరిక ఇంకా పుట్టని మనసులో అది వినడానికి ఏముంటుంది? అలా ఖాళీగా ఉండగలిగే మనిషిని దాన్ని చేసినవాళ్ళు ఊహించలేదు.

"ఏంటమ్మా, చెప్పు," అన్నాడు శశిధర్. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

తన్మయి కాజా అంచు తుంచి పళ్ళెంలో పెట్టింది. ఎవరూ కదల్లేదు. ప్రత్యూష మాత్రం టీ తాగుతోంది.

"సీటు వద్దని మధ్యాహ్నం రాసి పంపేశాను నాన్నా," అంది తన్మయి. "ఇంకొకళ్ళకి ఇచ్చేశారు కూడా. నాకేం కావాలో నాకింకా తెలీదు. తెలుసుకుంటాను. తప్పయితే నాదే అవుతుంది."