తొమ్మిదో ఇంటి గిన్నె

మోతబండి గడప దగ్గరికొచ్చి ఆగిందని చూడబోయి తులసీరత్నం స్టవ్ మీద పాలు పొంగబెట్టుకుంది. ఆ బండికి వేళాపాళా తెలియదు. మోకాలెత్తు ఉంటుంది, కింద నాలుగు చక్రాలు, నెత్తిన ఒక పళ్లెం. ఊపిరిజాడ్యం వచ్చిన దగ్గర్నుంచి మనుషులెవరూ గడప దాటకూడదు కనుక నరసాపురం లేసు వీధిలోని ఇరవై రెండిళ్ల కూరలూ మందులూ కబుర్లూ దాని నెత్తి మీదే ఊరేగుతున్నాయి.

ఈ ఉదయం పళ్లెంలో ఆమె ఇత్తడి గిన్నే ఉంది. అంచు మీద వాళ్లమ్మ పేరు సీతారత్నమని చెక్కి ఉంటుంది. లోపల నాలుగు నిమ్మకాయలు.

"తొమ్మిదో ఇంటి నుంచి నిమ్మకాయలు నాలుగు. దాత మార్తమ్మ. స్వీకరించారు" అంది ద్వారబంధానికి బిగించిన గడపకన్ను, రైల్వేస్టేషన్ మైకు గొంతుతో.

"వినపడిందిలే" అని విసుక్కుని, తులసీరత్నం నిమ్మకాయలు తీసి బుట్టలో వేసింది. గిన్నె కడిగి, అందులో వేడి చారు పోసి, పక్కన మెత్తటి అన్నం పొట్లం పెట్టి అదే బండి మీద మళ్లీ తొమ్మిదో ఇంటికి పంపేసింది. పన్నెండు రోజులుగా జరుగుతున్నదే కాబట్టి చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోయాయి.

గడపకన్ను పని చూడటం, తూచడం, వినడం. ఏ ఇంట్లోంచి ఏది బయటికి వెళ్లింది, ఏ ఇంటికి ఏది వచ్చింది, ఇంట్లోవాళ్ల ఒంట్లో వేడెంత, ఊపిరెంత, అన్నీ కలిపి అది ఆపన్నసూచికి చేరవేస్తుంది. ఆపన్నసూచి ఇంటింటికీ నూటికి ఒక అంకె కడుతుంది. దాన్ని అవసరాంకం అంటారు. అంకె ఎంత పెద్దదైతే సాయం అంత ముందు వస్తుంది. పూర్వం తుఫానొస్తే గట్టిగా అరిచినవాడికి బియ్యం, నాయకుడి చుట్టానికి టార్పాలిన్ దక్కేవి. ఆ దరిద్రం పోవాలనే డెల్టా అంతటా ఈ కళ్లు పెట్టించారు. ఐదేళ్ల కిందట ఈ వీధిలో ఇల్లిల్లూ తిరిగి, మొండికేసినవాళ్లని బతిమాలి ఒప్పించింది తులసీరత్నమే. పెళ్లిళ్లకీ పండగలకీ చందాలు పోగేసిన అనుభవం ఆవిడకి అలా పనికొచ్చింది.

ఇప్పుడు పోగేసిన చందా మాత్రం వేరు. మార్తమ్మకి ఆయాసం మొదలైన మూడో రోజున నాలుగో ఇంటి టైలరు సత్యవతి, "మన వార్డులో ఉన్నది ఒక్క ఊపిరిపెట్టె. రెండోది మనమే కొనకూడదా?" అంది. మార్తమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. వీధిలో సగం మందికి కుట్టుసూది పట్టడం నేర్పింది ఆ మనిషే. అరవై ఆరేళ్ల ఒంటరి మనిషి. ఆడవాళ్లు కూర్చుని లేసు అల్లి తెరసంతలో అమ్మారు. మేష్టారు దంపతులు షష్టిపూర్తి మానేసుకుని ఆ డబ్బు ఇచ్చేశారు. తులసీరత్నం చెవులకున్నవి తీసి ఇచ్చింది. గాలిలోంచి ప్రాణవాయువు తీసి ముక్కుకి అందించే ఆ సూట్‌కేసంత పెట్టె శుక్రవారం వార్డుకి రానుంది.

అయితే అది ఎవరింటికి వెళ్లాలో కొన్నవాళ్లు చెప్పడానికి లేదు. అంకం ఎనభై దాటిన ఇళ్లలో దేనికి ఎక్కువుంటే దానికి, ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి. ఎనభై ఎవరూ దాటకపోతే పెట్టె పక్క ఊరికి పోతుంది.

పాలు తుడుచుకుంటూ ఆమె గోడపలక వైపు చూసింది. తొమ్మిదో ఇల్లు, అరవై మూడు. నిన్న అరవై ఆరు. మొన్న డెబ్బై.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మార్తమ్మ దగ్గు మూడిళ్ల అవతలికి వినిపిస్తుంటే అంకె మెట్లు దిగుతోంది. పలక మీద సూచికార్యాలయం అధికారిని పిలిచింది. ఫణీంద్ర అనే అతను కనిపించాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, శుభ్రంగా తల దువ్వుకున్నాడు.

"బాబూ, ఆ మనిషి మాటకీ మాటకీ మధ్య రొప్పుతోంది. నంబరు తగ్గుతోందేంటి?"

అతను ఓపిగ్గా చూసి చెప్పాడు. "ఊపిరి ప్రకారం ఆవిడకి ఎనభై నాలుగు రావాలి మేడం. కాని దాతృత్వపు తగ్గింపు ఇరవై ఒకటి ఉంది."

"ఏం తగ్గింపు?"

"పన్నెండు రోజుల్లో ఆవిడ పదిహేడు దానాలు చేశారు. పంచదార, కరివేపాకు, నిమ్మకాయలు, ఒక లేసు రుమాలు. ఇవ్వగలుగుతున్నారంటే ఉన్నట్టే కదా మేడం. అలాంటివాళ్లని లేమిలో ఉన్నారని సూచి అనుకోదు."

"అది దానం కాదు బాబూ. గిన్నె తిరిగి పంపటం."

"గిన్నె బరువు విడిగా తీసేస్తాం మేడం."

"నా తలకాయ. ఇరుగింటివాళ్లు కూర పంపితే ఖాళీ గిన్నె తిప్పి పంపుతారా ఎక్కడన్నా? చిటికెడు పంచదారైనా వేసి పంపరూ?"

"ఎందుకండీ?" అన్నాడతను. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. అతను పుట్టి పెరిగిన మేడల్లో భోజనం గోడలోని అరలోంచి వస్తుంది, తిన్న పళ్లెం గోడలోకే పోతుంది. ఇరుగింటి గిన్నె అన్నదాన్ని అతను చూసి ఉండడు. అలాంటివాళ్లే నలుగురు కూర్చుని ఈ సూచిని తయారుచేశారని తులసీరత్నానికి ఆ క్షణాన అర్థమైంది.

"సరే. ఆ తగ్గింపు పోవాలంటే?"

"ఏ దానమూ నమోదు కాకపోతే కొంచెం కొంచెంగా తగ్గుతూ మూడు రోజుల్లో దానంతటదే చెరిగిపోతుంది. కాని ఈ సంగతి ఆవిడకి మీరు చెప్పకూడదు. అంకం కోసం నడత మార్చుకోమన్నట్టు గడపకన్ను వింటే అది ప్రేరేపిత లేమి. ఆ ఇంటి అంకం నెల రోజులు సున్నా."

"ఇప్పుడూ వింటోందిగా?"

"నాతో మాట్లాడేది విచారణ కిందికొస్తుంది మేడం. పర్లేదు."

పలక ఆరిపోయాక ఆమె ముందు ఫణీంద్రని తిట్టింది, తర్వాత గడపకన్నుని తిట్టింది. ఆఖరికి, ఐదేళ్ల కిందట కాళ్లరిగేలా తిరిగి దాన్ని ఇంటింటికీ తగిలించిన తనని తాను తిట్టుకుంది. ఆ రోజు గురువారం. ఆదివారం సాయంత్రానికి మూడు రోజులు పైన కొన్ని గంటలు ఉన్నాయి.

గుమ్మంలో నిలబడి చూస్తే తొమ్మిదో ఇల్లు ఎదురు వరసలోనే. కటకటాల వెనక మార్తమ్మ కుర్చీలో వాలి ఉంది. అంత ఆయాసంలోనూ ఒళ్లో దారపుండ, చేతిలో సూది.

"అక్కా, నిమ్మకాయలెందుకు పంపావు?" అని కేకేసింది తులసీరత్నం.

"చెట్టుకి ఆఖరికి నాలుగే మిగిలాయి చెల్లెమ్మా. నీకు చారులోకి... పులుపుండాలిగా." మార్తమ్మ మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది. "ఖాళీ గిన్నె పంపుతానేంటి నీకు."

"కొన్నాళ్లు ఏం పంపకు."

"ఏం?"

నెత్తి మీద గడపకన్ను పచ్చరంగులోంచి పసుపులోకి మారింది. తులసీరత్నం నాలుక కొసకొచ్చిన మాట మింగేసింది. "ఓపిక లేనిదానివి. గిన్నెలు తోమటం, కడగటం, ఎందుకొచ్చిన శ్రమ."

"చేతులు పడిపోలేదుగా అమ్మా. ఊపిరే కదా ఆడంది" అని నవ్వింది మార్తమ్మ. నవ్వు దగ్గులోకి దిగింది.

అప్పుడొచ్చింది తులసీరత్నానికి ఆ ఆలోచన. గిన్నె వెళ్తేనే కదా గిన్నె తిరిగి రావాలి. వెళ్లకపోతే మార్తమ్మ పంపడానికేముంటుంది? అడ్డాకు దొన్నెలు రెండు కట్టలు తెప్పించి, వీధంతటికీ పంచింది. "మార్తక్కకి గిన్నెలు తోమే ఓపిక లేదు. ఇకనుంచి అందరూ దొన్నెల్లోనే పంపండి, తిని అవతల పారేస్తుంది" అని పలక మీద ఇంటింటికీ చెప్పింది. గడపకన్ను పచ్చగానే ఉంది. సత్యవతి, "ఎంత మంచి ఆలోచనో" అని మెచ్చుకుంది కూడా.

శుక్రవారం పొద్దున్న నాలుగిళ్ల నుంచి నాలుగు దొన్నెలు వెళ్లాయి. బదులుగా ఏమీ రాలేదు. గురువారం చారుతో వెళ్లిన ఇత్తడి గిన్నె కూడా రాలేదు. బెడిసికొడుతుందేమో అని భయపడుతున్న తులసీరత్నం దానికి సంతోషించింది. శనివారం ఉదయానికి అంకం డెబ్బై ఎనిమిది. మధ్యాహ్నానికి ఎనభై ఆరు. ఆమె పలక ముందునుంచి లేవలేదు. తొంభై ఒకటి పడేసరికి చప్పట్లు కొట్టబోయి ఆగింది.

అంత ఎందుకు పెరిగింది? తగ్గింపు మొత్తం పోయినా ఎనభై నాలుగే కదా రావాలి.

అంతలో మోతబండి వచ్చి నిలబడింది. పళ్లెంలో ఆమె పంపిన దొన్నె ఉంది. అన్నం అన్నంలాగే ఉంది. "తొమ్మిదో ఇల్లు. స్వీకరించలేదు" అంది గడపకన్ను. వెనకే సత్యవతి పలక మీద కనిపించి, తన దొన్నె కూడా నిన్న రాత్రి నుంచి వెనక్కే వస్తోందని చెప్పింది.

తులసీరత్నం గుమ్మంలోకి పరిగెత్తింది. కుర్చీ ఖాళీగా ఉంది. "అక్కా, అన్నం ఎందుకు తిప్పి పంపావు?"

చాలాసేపటికి లోపల్నుంచి జవాబొచ్చింది. "ఆకలి లేదండి."

ఇరవై ఏళ్లలో మార్తమ్మ ఆమెని అండీ అని ఎన్నడూ అనలేదు. ఏదో తప్పు జరిగిందని ఆమెకి తెలుస్తోంది, ఏమిటన్నది అందటం లేదు. అడుగుదామంటే నెత్తి మీద ఆ కన్ను వింటోంది. చెబుదామంటే చెప్పిన మాటకి పెట్టె పోతుంది. మళ్లీ ఫణీంద్రని పిలిచింది.

"బాబూ, ఆవిడ తినడం మానేసింది."

"అవును మేడం, అందుకే తొంభై ఒకటి. సూచి సరిగ్గానే పట్టుకుంది" అన్నాడతను. "ఇప్పుడు వార్డులో ఆవిడే మొదటి స్థానం. మీరు కోరుకున్నదదే కదా, ఇంకా ఫిర్యాదేమిటి?"

ఆదివారం ఆరింటికి పెట్టె తొమ్మిదో ఇంటికి వచ్చింది. ఇరవై ఒక్క గుమ్మాల్లోంచి జనం చప్పట్లు కొట్టారు. పెట్టె బిగించడానికి తలనుంచి కాలిదాకా తొడుగు వేసుకుని లోపలికి వెళ్లిన ఫణీంద్ర అరగంట ఉండి, ఆవిడకి గంజి తాగించి వచ్చాడు. తర్వాత పదిహేడు రోజులు మార్తమ్మ ఆసుపత్రివాళ్లు పంపిన గంజీ రొట్టే తిన్నది. ఆ పదిహేడు రోజులూ వీధి పంపిన దొన్నెల్ని తీసుకుంది కాని బయట కూర్చోలేదు, ఎవరి కేకకీ పలకలేదు. తులసీరత్నం రోజుకి రెండుసార్లు గుమ్మంలో నిలబడి చూసి, నెత్తి మీద కన్ను వింటోందని మాట్లాడలేక లోపలికి పోయేది. మనిషి బతుకుతోంది కదా, అదే చాలని సర్దిచెప్పుకునేది. కాని మనసు సర్దుకునేది కాదు.

జాడ్యం సద్దుమణిగి గడపలు తెరిచిన రోజున వీధిలో గడపకళ్లు వినడం మానేశాయి. ఉదయం తొమ్మిదింటికి మార్తమ్మ స్వయంగా నడిచి వచ్చింది. బాగా చిక్కిపోయింది కాని ఊపిరి నిదానంగా ఉంది. చేతిలో కడిగి ఎండబెట్టిన అడ్డాకు దొన్నెలు, ఒకదాంట్లో ఒకటి పేర్చినవి.

"మీ దొన్నెలండి రత్నంగారూ. పదిహేనున్నాయి. మిగతావాళ్లవి వాళ్లకి ఇచ్చేశాను" అంది. "లోపల ఏమీ పెట్టలేదండి."

తులసీరత్నం వాటిని అందుకోలేకపోయింది. ఆమె నోట్లోంచి ఇన్నాళ్లూ ఆగిన మాటలన్నీ ఒక్కసారిగా పడ్డాయి. పదిహేడు దానాలు, ఇరవై ఒకటి తగ్గింపు, వింటున్న కన్ను, చెబితే సున్నా. "నీకు గిన్నె ఇవ్వకూడదని కాదక్కా. నువ్వు తిప్పి పంపకూడదని. నా పిల్లల మీద ఒట్టు."

"తెలుసండి. పెట్టె బిగించిన రోజునే ఆ ఆఫీసరు చెప్పాడు." మార్తమ్మ దొన్నెల్ని అరుగు మీద పెట్టింది. "మా నాయనమ్మ ఈ వీధిలోనే ఇళ్లల్లో పనికి వచ్చేది. ఆవిడకి గిన్నెలో పెట్టేవారు కాదంట. ఆకుదొన్నెలో పోసి గడప బయట పెట్టేవారంట. గిన్నె ఇస్తే మళ్లీ దాన్ని ముట్టుకోవాలి కదా. నాకు చిన్నప్పట్నుంచీ చెప్పేది. ఆవిడ పోయి నలభై ఏళ్లయ్యింది, నాకెప్పుడూ గుర్తు కూడా రాలేదు. మొదటి దొన్నె చేతిలోకి తీసుకున్నప్పుడు గుర్తొచ్చింది."

"నాకు తట్టలేదక్కా."

"మీకెందుకు తడతదండి." ఆ మాటలో కోపం లేదు. అదే తులసీరత్నాన్ని కుదిపేసింది. "మీరంతా కలిసి నన్ను బతికించారు. చెవులవి తీసిచ్చారంట. అది మర్చిపోతే నేను మనిషినే కాదు. ఆఫీసరు చెప్పాక, సరే తిందామని కూర్చున్నాను. కారణం తెలుసు, మీ మనసూ తెలుసు. అయినా ముద్ద దిగలేదండి. నేనేం చెయ్యను?"

తులసీరత్నం లోపలికి చెయ్యి చూపించి, "రా, కూర్చో. కంచంలో పెడతాను" అంది.

"ఇవాళొద్దులెండి."

మెట్లు దిగబోతున్న మనిషిని ఏదో ఒక మాటతో ఆపాలని, "నా గిన్నె నీ దగ్గరే ఉండిపోయింది, మా అమ్మది" అంది తులసీరత్నం. అన్నాక తనకే సిగ్గేసింది.

మార్తమ్మ ఆగింది. మొదటిసారి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది.

"ఉందండి. తోమి పెట్టాను. ఇవాళ తెద్దామని తీసి, ఖాళీగా తేలేక మళ్లీ లోపల పెట్టేశాను. నిమ్మచెట్టు ఇప్పుడే పూతకొచ్చింది. కాయ దిగాక తెస్తాను."

ఆమె నెమ్మదిగా రోడ్డు దాటి కటకటాల తలుపు వేసుకుంది. ద్వారబంధం మీద కన్ను ఆరిపోయి ఉంది కాబట్టి ఈసారి ఎవరు ఎవరికి ఏమిచ్చారో ఎవరూ చెప్పలేదు. తులసీరత్నం అరుగు మీది దొన్నెలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పూత కాయగా మారడానికి ఎన్ని నెలలు పడుతుందో సత్యవతిని అడగాలనుకుంది.